గాలి రేకు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
12 జూన్ 1988

చి॥ సౌ॥ చిలకమ్మకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. వర్క్‌షాప్ లేబొరేటరీకి రోజూ వెళ్తున్నాను. వండుకుంటున్నాను, తింటున్నాను. ప్రతి ఉత్తరంలోనూ అదే అడుగుతున్నావు కనుక ముందే రాశాను.

నిన్నొక విషయం అడగాలి. మీ అక్క పొయ్యి సరిగా మండడం లేదు. గొట్టంలోంచి పైకి పోవలసిన పొగ వంటింట్లోకి తిరిగి వస్తోంది. గొట్టం గోడ దాటే వంపు దగ్గర నల్లటి నూనెలాంటిది కారుతోంది. గోడకు వేసిన సున్నం మీద చారలు పడ్డాయి. గంగాభవాని ఉండగా ఆ గోడ మీద మరక చూసిన గుర్తు లేదు.

ఆ పొయ్యి బొమ్మ గీసింది నేనే. ఒకే కొలతలతో రెండు పొయ్యిలు చేయించాను, మీ అక్కకు ఒకటి, నీ పెళ్ళికి ఒకటి. రెండింటిలోనూ పోసేవి దేముడు మామ చేసే రంపపు పొట్టు బిళ్ళలే. కాబట్టి నీ పొయ్యి ఎలా ఉందో తెలిస్తే నాది ఎక్కడ చెడిందో పట్టుకోవచ్చు. నీ గొట్టం కారుతోందా? బిళ్ళలు తడిగా వస్తున్నాయా? రోజుకు ఎన్ని పోస్తావు? జవాబు రాయి.

పక్క క్వార్టర్ సూసన్నమ్మగారు నిన్ను అడిగారు. ఆవిడ కిటికీలోకి కూడా పొగ వెళ్తోంది. "ఏటండీ గోవిందరావుగారూ, వంటింట్లో లోకో షెడ్ తెరిసినారా?" అన్నారు.

పిల్లలకు నా ముద్దులు.

గోవిందరావు


చక్రధర్‌పూర్
21 జూన్ 1988

బావకి చిలకమ్మ దండాలు.

ఒలమ్మ, ఉత్తరమని విప్పితే పరీక్ష పేపరు! లేబొరేటరీలో సీసాలకి చీటీలు అంటించినట్టు నాక్కూడా అంటించినావు. సరే, జవాబులు రాస్తన్నాను, మార్కులు వెయ్యి.

మా గొట్టం కారడం నేదు. మా గోడ మీద కూడా మరక ఉంది గానీ అది ఎర్రది, నీ తోడల్లుడు కిళ్ళీ నమిలి కిటికీ అనుకుని ఊసింది. బిళ్ళలు తడీ గిడీ ఏటీ నేదు, బస్తా కదిపితే గలగలమంటన్నాయి. దేముడు పెదనాన్న పేసింజర్లో ఏసి పంపుతాడు, ఈయన దింపుకుని తెస్తాడు.

రోజుకి ఎన్ని పోస్తావని అడిగినావు. ఇదేటి బావా? పొయ్యిలో బిళ్ళలు లెక్కెట్టి పోస్తారేటి? మా ఇంట్లో ఎంతమందిమో నీకు తెలుసు. అత్త, మావ, మరుదులు, నా ముగ్గురు గుంటలు. ఈయన డ్యూటీ దిగితే ఒక్కడూ రాడు, ఇంకో గార్డునో డ్రైవరునో ఎంటేసుకుని "చిలకా, కంచం పెట్టు" అంటాడు. పొద్దున్నే ఎలిగిస్తే మధ్యాన్నం దాకా అది మండతానే ఉండాల. నేను దుబారా సేస్తన్నానని నీ మనసులో ఉంటే తిన్నగా రాసెయ్యి, నాకేటీ కోపం రాదు. వొస్తాది గానీ రాసెయ్యి.

వానలు పడ్డాయి కదా, బిళ్ళలకి చెమ్మ పట్టిందేమో. పొయ్యి పక్క అరుగు మీద గోనె పరిసి ఆరబెట్టు. అప్ప అలగే సేసేది. గొట్టం కూడా దింపి దులుపు.

అయినా ఒక్కడివి, అంత పొయ్యి నీకెందుకు? కిరసనాయిలు స్టవ్వు కొనుక్కోరాదా? ఆ పొయ్యి నాను తెచ్చేసుకుంటాను, మా పెద్ద మరిదికి పెళ్ళయి ఏరే కాపురం పెడితే పనికొస్తాది.

పప్పు ఉడకబెట్టుకుని బతికేస్తన్నావని నాకు తెలుసు. నెత్తళ్ళ ఎండుచేపలు పంపనా?

చిలకమ్మ


ఖరగ్‌పూర్
29 జూన్ 1988

చిలకమ్మకు,

దుబారా గురించి నేను రాయలేదు. కొలత కోసం అడిగాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. బిళ్ళలు గోనె మీద పోసి ఆరబెట్టాను. గొట్టం దింపాను. లోపల గచ్చులా గట్టిపడిన నలుపు, దాని మీద మెరుస్తున్న తారు. గొట్టం నోరు సగానికి సగం మూసుకుపోయి ఉంది. ఉలితో గీకితే పెంకులుగా రాలింది. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాను. రెండు రోజులు బాగా ఉంది. మళ్ళీ మొదలైంది. కనుక చెమ్మ కారణం కాదు.

రాలిన పెంకు ఒకటి వాసన చూశాను. నాకు తెలిసిన వాసనే. క్రియోసోట్. పట్టాల కింద వేసే చెక్క స్లీపర్లు పుచ్చకుండా పట్టించే నూనె అది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి పీపాల కొద్దీ పరీక్ష చేశాను. నా చొక్కాలకు ఆ వాసన ఉంటుందని మీ అక్క వాటిని వేరే బక్కెట్లో నానబెట్టేది.

క్రియోసోట్ పొయ్యిలోకి ఎలా వస్తుంది? ఒక్కటే దారి. పాత స్లీపర్లు వేలం వేస్తారు. సామిల్లు వాళ్ళు కొని కోస్తారు. ఆ పొట్టు బిళ్ళల్లో కలిసి ఉండాలి. ఒక బిళ్ళ విరిచి చూశాను. వాసన రాలేదు. ఆరబెట్టినప్పుడు పైవాసన పోయి ఉంటుంది.

దేముడు మామను అడగాలి.

స్టవ్వు కొనను. పొయ్యి ఎవరికీ ఇవ్వను. నీ మరిదికి పెళ్ళి కుదిరితే ఇంకొకటి చేయిస్తాను.

నెత్తళ్ళు వద్దు.

గోవిందరావు


చక్రధర్‌పూర్
8 జూలై 1988

బావకి,

పొయ్యి ఇవ్వనని అంత గట్టిగా రాసినావు, నేనేటి బండి కట్టుకుని ఒచ్చినానా? నీ బరువు తగ్గుతాదని అన్నాను. పోనీలే.

దేముడు పెదనాన్న సంగతి చదివి నాకు నిద్ర పట్టలేదు. నేనూ అప్పా పుట్టకముందు మా నాన్నతో కలిసి పలాస నుంచి రైలెక్కి ఖరగ్‌పూర్లో ఖలాసీగా చేరిన మనిషి. సొంత పెదనాన్న కాకపోయినా అప్ప పెళ్ళిలో కాళ్ళు కడిగింది ఆయనే కదా, నీకు మామ వరస. రిటైరయ్యాక ఏరే ఆధారం నేక పొట్టు పిసుక్కుని బతుకుతన్నాడు. అలాటోడు స్లీపరు పొట్టు కలుపుతాడా?

అడగాలనుంటే ఇంటికి పిలు. మంచినీళ్ళిచ్చి, కూకోబెట్టి, నెమ్మదిగా అడుగు. కుళాయి కాడా అడగొద్దు, వరండాలో నిలబెట్టీ అడగొద్దు. ఓల్డ్ సెటిల్‌మెంట్ సంగతి నీకు తెలీదు బావా. నువ్వు పొద్దున్న వర్క్‌షాప్‌లో దూరితే సైరన్ కూసేదాకా బయటికి రావు. అక్కడ ఒక సందులో తుమ్మితే నాలుగో సందులో "సిరంజీవ" అంటారు.

ఈ ఉత్తరం అందాకే అడుగు.

చిలకమ్మ


ఖరగ్‌పూర్
10 జూలై 1988

చిలకమ్మకు,

నా ముందు ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. జరిగింది రాస్తున్నాను.

దేముడు మామ పోయిన ఆదివారం సైకిల్ మీద బస్తా తెచ్చాడు. దింపవద్దన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. వరండాలోనే చెప్పాను. సూసన్నమ్మగారూ, నీళ్ళకు వచ్చిన మరికొందరూ ఉన్నారు. గొంతు పెంచలేదు. స్లీపర్ పొట్టు కలుస్తోంది, అది పొయ్యిలో వేయదగిన సరుకు కాదు అన్నాను.

ఆయన సడలించిన బస్తా తాడు మళ్ళీ బిగించాడు. తర్వాత అన్నాడు: "అల్లుడుగోరూ, ముప్పై ఏళ్ళు ఆ సెక్కలు ఈ బుజం మీద మోసినాను. వాటి నూనె తగిలి బుజం తోలు రెండుసార్లు ఊడింది. మళ్ళీ వాటినే పిండి సేసి మా గంగ పొయ్యిలో ఎడతానేటి?"

రుజువు గొట్టంలో ఉంది అన్నాను.

"ఠీక్ హై" అన్నాడు. బస్తా దింపకుండా వెళ్ళిపోయాడు.

గొట్టం మళ్ళీ కడిగి బిగించి, బజారులో చీల్చిన కట్టెలు కొన్నాను. పెట్టెలు చేసే మామిడి చెక్క. ఇక పొయ్యి బాగుపడుతుంది.

గోవిందరావు


చక్రధర్‌పూర్
27 జూలై 1988

బావకి,

నా ఉత్తరం నీకు అందేసరికే అయిపోయిందన్నమాట. పోస్టాఫీసుని తిట్టనా, నిన్ను తిట్టనా?

దేముడు పెదనాన్న మొన్న ఇక్కడికి ఒచ్చినాడు. బస్తా పంపడానికి కాదు, తనే మోసుకొచ్చినాడు. వాకిట్లోనే నిలబడి "చిలకా, నీ గొట్టం దింపి సూపించే" అన్నాడు. లోపలికి రమ్మంటే రాడు. మంచినీళ్ళిస్తే తాగడు. ఈయన నిచ్చెన ఎక్కి గొట్టం దింపినాడు. పెదనాన్న అందులో చెయ్యెట్టి, తీసి, నా మొగం ముందు సాపినాడు. చేతికంతా బూడిద అంటింది, పొడి బూడిద, మా అత్త పళ్ళు తోముకునే కచ్చికలాగా. నూనె నేదు, తారు నేదు.

"రెండిళ్ళకీ ఒక్క కుప్పలోంచే తూసినాను" అన్నాడు. అంతే. బస్తా గుమ్మంలో ఎట్టి పేసింజరెక్కి పోయినాడు. ఏడవలేదు బావా. ఏడిస్తే బాగుండేది.

ఓల్డ్ సెటిల్‌మెంట్లో ఆయన కాడ ఎవురూ బిళ్ళలు కొనడం నేదంట. "లేబొరేటరీ గోవిందరావుగారే పరీక్ష సేసి సెప్పినారు" అని సెప్పుకుంటన్నారంట. నువ్వు గొంతు పెంచలేదని రాసినావు. నువ్వు గొంతు పెంచకుండా ఒక మాటంటే, ఇంకోడు అరిసి సెప్పిన పది మాటల కన్నా గట్టిగా నాటుకుంటాది. చదువుకున్నోడి మాట.

ఇప్పుడు సెప్పు. ఒకే కుప్ప, ఒకే పొయ్యి, ఒకే గొట్టం. నా కాడ బూడిదేటి, నీ కాడ తారేటి?

చిలకమ్మ


ఖరగ్‌పూర్
3 ఆగస్టు 1988

చిలకమ్మకు,

నువ్వు మీ పెదనాన్న పక్షం మాట్లాడడం సహజం. ఒక కుప్పలోంచి తూచినా పైపొట్టు వేరు, అడుగుపొట్టు వేరు కావచ్చు.

పొయ్యి సంగతి ఇక నువ్వు ఆలోచించవద్దు. నేను చూసుకుంటాను.

పెద్దవాడికి స్కూల్లో ఏ ర్యాంకు వచ్చిందో రాయలేదు.

గోవిందరావు


చక్రధర్‌పూర్
15 ఆగస్టు 1988

బావా,

పొయ్యి సంగతి ఆలోచించొద్దన్నావు. గొట్టం అంటుకుంటే కూడా ఆలోచించొద్దా?

నువ్వు రాయలేదు. సూసన్నమ్మగారు కార్డు రాసింది. సాయంకాలం నువ్వు కట్టెలు ఎగదోసి అన్నం ఎక్కించినావంట. గొట్టం రైలింజన్లాగా హోరుమని మోగి, ఎర్రగా కాగిపోయి, చివర్నుంచి మూరెడు మంట ఒచ్చిందంట. ఆవిడ కొడుకు విల్‌ఫ్రెడ్ గోడెక్కి తడి గోనెలు కప్పినాడంట. నువ్వు పొయ్యిలో ఉప్పు గుమ్మరించి, గాలి రేకు మూసేసి, చేతులు కట్టుకుని నిలబడి సూస్తన్నావంట. "మీ బావ మనిషి బానే ఉన్నాడు, కనుబొమలే కొంచెం తగ్గినాయి" అని రాసింది. ఆవిడ హాస్యాలకి నాకు నవ్వు రాలేదు.

నేను కార్డు సగం చదివి ఇల్లు తగలబడిందనుకుని గోల పెట్టినాను. మా మావ టోపీ ఎట్టుకుని స్టేషనుకి బయల్దేరిపోయినాడు. రెండో పక్క చదివాక ఎనక్కి పిలిసినాం.

ఎందుకు దాసినావు? పొయ్యి లాక్కుంటాననా? బావా, నాకు ఆ ఇనప డబ్బా మీద ఆశ నేదు. అప్ప ఎలాగూ పోయింది. అప్ప పొయ్యి నిన్ను కాల్చేస్తే నేనెవుర్ని తిట్టుకోవాల?

ఒక్క మాట ఆలోచించు. నువ్వు పెదనాన్న బిళ్ళలు మానేసి మామిడి చెక్క కాల్చినావు కదా. మామిడి చెక్కలో స్లీపరు నూనె ఉంటాదా? మరి మళ్ళీ గొట్టంలో తారెలగొచ్చింది, అంటుకోడానికి?

నాకు తెలిసింది రాస్తాను. నువ్వే చేయించిన పొయ్యిలే కాబట్టి నవ్వుకో. మా పొయ్యికి కింద గాలి పోయే రేకు ఉంది కదా, ముందుకీ ఎనక్కీ జరిపేది. నా కాపురానికి ఒచ్చిన కాడ నుంచి అది బయటికే లాగి ఉంటాది. తుప్పట్టి అక్కడే బిగిసిపోయింది కూడా. అప్ప కూడా రేకు లాగే వండేది, "గాలి పీలిస్తేనే పొయ్యి, నేపోతే అది కుంపటి" అనేది. నీ పొయ్యి రేకు ఎక్కడుంది?

ఎళ్ళి సూసి రాయి.

చిలకమ్మ


ఖరగ్‌పూర్
22 ఆగస్టు 1988

చిలకమ్మకు,

వెళ్ళి చూశాను.

రేకు లోపలికి తోసి ఉంది. వేలు దూరేంత సందు మాత్రం ఉంది. జనవరి నుంచి అలాగే ఉంది. గొట్టం అంటుకున్న రోజు పూర్తిగా మూశాను. మర్నాడు తీసి, మళ్ళీ ఆ సందు దగ్గరే పెట్టాను. గొట్టం కడిగి బిగించిన రెండుసార్లూ అక్కడే పెట్టాను. ఎందుకని అప్పుడు నన్ను నేను అడగలేదు.

మీ అక్కకు చలి ఎక్కువగా ఉండేది. ఎప్పుడడిగితే అప్పుడు గోరువెచ్చని నీళ్ళు కావలసి వచ్చేవి. పొయ్యి ఆరకూడదు, పెద్దగా మండకూడదు. మంచం మీద నుంచి తనే చెప్పింది, "ఇంకొంచెం తొయ్యండి, ఇంకొంచెం, ఆఁ, అక్కడ ఉంచండి." అక్కడ ఉంచాను.

ఫిబ్రవరి తర్వాత నీళ్ళ అవసరం లేదు. ఒక్కడి అన్నానికి ఆ నిప్పు చాలుతుంది. రేకు కదపవలసిన పని పడలేదు.

మిగతాది నాకు తెలియని రసాయనం కాదు. గాలి చాలకపోతే చెక్క మండదు, ఉడుకుతుంది. దానిలోని నూనె పొగగా లేచి, చల్లటి గొట్టానికి తగిలి, పేరుకుంటుంది. ఏ చెక్కయినా అంతే, మామిడయినా, టేకు పొట్టయినా. బాగా కాగిన గొట్టంలో అది నిలవదు. నీ గొట్టం రోజూ కాగుతుంది. నాది జనవరి నుంచి కాగలేదు, కట్టెలు ఎక్కువగా ఎగదోసిన ఆ సాయంకాలం తప్ప. పేరుకున్నదంతా అప్పుడు అంటుకుంది. చెక్క నుంచి వచ్చే ఆ తారుకూ, స్లీపర్ల నూనెకూ వాసన దగ్గర. ముప్పై ఏళ్ళు రైల్వేలో ఉన్న ముక్కు నాది. ఆ వాసన వస్తే దానికి స్లీపర్లే కనబడ్డాయి.

దేముడు మామ పొట్టులో దోషం లేదు.

ఇది ఆయనకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇంటికి వెళ్ళి చెప్పగలను. కానీ నేను అన్నది వరండాలో.

గోవిందరావు


చక్రధర్‌పూర్
30 ఆగస్టు 1988

బావకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివినాను. ఈయనకి చదివి వినిపించబోయి సగంలో ఇచ్చేసినాను, మీరే చదువుకోండి అని.

అప్ప ఎట్టించిన చోటు నుంచి రేకు కదపమని నేను సెప్పను. నీకే తెలుస్తాది.

పెదనాన్న సంగతి మాత్రం సెప్తాను. "తప్పయిపోయింది" అని ఇంటికెళ్ళి సెప్పినా, కుళాయి కాడ సెప్పినా, జనం ఏటనుకుంటారు? బంధువని మొగమాటానికి అంటన్నాడనుకుంటారు. మాటతో పోయింది మాటతో రాదు. కళ్ళతో సూడాల.

వొచ్చే నెల విశ్వకర్మ పూజ. వర్క్‌షాప్ అంతా ఆ రోజు మిషన్లు కడిగి బొట్టెడతారు కదా. అప్ప ఆ రోజు ఇంట్లో పొయ్యికి కూడా ఎట్టేది, నీకు తెలుసో తెలీదో. నువ్వు వర్క్‌షాప్‌లో ప్రసాదం తిని సాయంకాలం ఒచ్చేవోడివి. మజ్జాన్నం ఆ పొయ్యి మీద కిచిడీ వండి సందంతటికీ పెట్టేది. పెదనాన్న చేతి బిళ్ళలతోనే. మొదటి కంచం ఆయనకే.

మా ఇళ్ళల్లో ఒకడి మీద మాట పడితే, అన్నవోడు ఆ మనిషి చేతి సరుకుతోనే వండి, నలుగురి ముందూ ముందు ఆ మనిషికి పెట్టి, తరవాత తను తినాల. ఆ మనిషి ముద్ద నోట్లో ఎట్టుకుంటే అయిపోయినట్టు. ఎట్టుకోకపోతే కానట్టు. ఆయన రాకపోవచ్చు బావా. మొండోడు. నా వాకిట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు.

కిచిడీ సులువే. సగం బియ్యం, సగం పెసరపప్పు. మాడిపోతే సూసన్నమ్మగారిని పిలు.

చిలకమ్మ


ఖరగ్‌పూర్
18 సెప్టెంబర్ 1988

చిలకమ్మకు,

ఆశీస్సులు. నిన్న విశ్వకర్మ పూజ అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు వారం దేముడు మామ ఇంటికి వెళ్ళాను. ఒక బస్తా బిళ్ళలు కావాలన్నాను. "స్లీపరు పొట్టు బస్తా కావాలా, మామూలు బస్తా కావాలా?" అన్నాడు. మీ దగ్గర ఉన్నదే అన్నాను. పూజ రోజు భోజనానికి రమ్మన్నాను. బస్తా మాత్రం ఇచ్చాడు. సైకిల్ మీద నేనే తెచ్చుకున్నాను. సందులో అందరూ చూశారు. తాడు సరిగా కట్టలేక రెండుసార్లు పడేశాను కనుక బాగానే చూశారు.

గొట్టం దింపి శుభ్రం చేశాను. దాన్ని వంటింట్లో బిగించలేదు. పొయ్యిని వరండాలోకి తెచ్చి, గొట్టం అక్కడే తగిలించాను. విల్‌ఫ్రెడ్ ఒక పక్క పట్టాడు. సూసన్నమ్మగారు "పొయ్యికి పెళ్ళా, ఊరేగింపా?" అన్నారు. అన్నవారే బొట్టు పెట్టడానికి కుంకుమ లేదంటే పక్కింటి నుంచి అడిగి తెచ్చారు.

ఈసారి నేను వర్క్‌షాప్ పూజకు వెళ్ళలేదు. బిళ్ళలు నిండా పోసి వెలిగించాను. రేకు వేలెడు సందు దగ్గరే ఉంది. చాలాసేపు పొగ వచ్చింది. జనం ముక్కులు మూసుకున్నారు. ఎవరో "చూశారా, స్లీపరే" అన్నారు.

రేకు పట్టుకున్నాను. కాసేపు పట్టుకునే ఉన్నాను. తర్వాత బయటికి లాగాను. పూర్తిగా.

మంట శబ్దం మారింది. పొగ పలచబడింది. కాసేపటికి గొట్టం చివర పొగే కనబడలేదు, గాలి మాత్రం వణుకుతూ కనబడింది. ఆపైన పూజ రోజని పిల్లలు ఎగరేసే గాలిపటాలు కూడా దాంట్లోంచి వణుకుతున్నట్టే ఉన్నాయి. అప్పుడు చెప్పాను. తప్పు దేముడు మామ పొట్టుది కాదు. నేను పొయ్యికి గాలి ఇవ్వలేదు. అంతే చెప్పాను. ఎందుకు ఇవ్వలేదో ఎవరూ అడగలేదు. సూసన్నమ్మగారు మాత్రం లోపలికి వెళ్ళి కాసేపటి దాకా రాలేదు.

కిచిడీ వండాను. అడుగు మాడింది. దేముడు మామ రాలేదు. మొదటి విస్తరి వేసి పక్కన పెట్టాను. అది ఖాళీగా ఉండగా ఎవరికీ వడ్డించకూడదు కదా. అందరూ కూర్చున్నారు. ఆకలేస్తోందని పిల్లలు అన్నారు. నేను నిలబడ్డాను.

మధ్యాహ్నం బాగా దాటాక వచ్చాడు. కొత్త పంచె కట్టాడు. ఎవరినీ పలకరించలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, వంగి, రేకు ఎక్కడుందో చూశాడు. గొట్టం చివరికి చూశాడు. ఆ తర్వాత విస్తరి ముందు కూర్చున్నాడు. వడ్డించాను. ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, ఆగి, "మాడింది" అన్నాడు.

అవును అన్నాను.

"గంగ మాడ్సేది కాదు" అన్నాడు. తిన్నాడు. మళ్ళీ వడ్డించమన్నాడు.

అప్పుడు అందరికీ పెట్టాను. చివర నేను తిన్నాను. సాయంకాలం లోపల ఆయన బిళ్ళలు ఆరు బస్తాలకు బేరం వచ్చింది. ఆయన నవ్వలేదు గానీ, వెళ్ళేటప్పుడు గేటు దగ్గర తిరిగి, "అల్లుడుగోరూ, ఆ పొయ్యి ఒక్కడి కోసం ఎలిగిస్తే మళ్ళీ కారతాది. అది అంత చిన్న మంటకి పుట్టింది కాదు" అన్నాడు. అది నాకు ముందే అర్థమయింది.

ఈ రోజు ఆదివారం. పొయ్యి వంటింట్లోకి తెచ్చి బిగించాను. రేకు బయటికే ఉంది. విల్‌ఫ్రెడ్, వాళ్ళమ్మ రాత్రికి ఇక్కడే తింటామన్నారు. దేముడు మామకు కూడా కబురు పంపాను. మీ అక్క ఉల్లిపాయ పులుసు పెట్టేది, బెల్లమూ నువ్వుల పొడీ వేసి. అది ఎలా చేస్తారో రాయి. ఈ రోజుకి అందదు, తెలుసు. పప్పుతో సరిపెడతాను. తర్వాతి కోసం రాయి.

కొలతలు ఒక్కడికి రాయవద్దు.

గోవిందరావు